దొరల లేత్

ఆదివారం పొద్దున నాన్న షెడ్డు ఊడ్చాడు. మూడు రోజులుగా ఇనుము చెక్కే లేత్ మిషను తిరగలేదు కాబట్టి నేల మీద ఇనప పొట్టు లేదు. అయినా మూలమూలకీ చీపురు వేసి, పోగైన పిడికెడు దుమ్ముని డబ్బాలో పోసి మూత పెట్టాడు. తరవాత స్టూలు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. అమ్మ చెంబు తెచ్చేసరికి గోడకి జారబడి ఉన్నాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఆయన్ని తప్పు పట్టను గాని, గురువారం ఆయన మా షెడ్డులో లేడు.

మా నాన్న జోగయ్య టర్నరు, లేత్ మీద ఇనుము తిప్పి కొలతకి చెక్కడం ఆయన పని. నెల్లిమర్ల నుంచి గరివిడి వెళ్లే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, లోపల ఒకే ఒక్క లేత్. మోటారు షాఫ్టులు, ధాన్యం మర బుష్‌లు, ట్రాక్టరు పిన్నులు, చుట్టుపక్కల ఊళ్లలో తిరిగేది ఏది అరిగినా ఆ రేకుల కిందికే వచ్చేది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. షాఫ్టు మీద బొటనవేలు ఆనించి ఇంకా వెంట్రుకవాసి పోవాలనేవాడు. కొలిచి చూస్తే అంతే ఉండేది.

ఆ లేత్‌ని ముప్ఫై ఏళ్ల కిందట పాత ఇనుము వ్యాపారి సోములు దగ్గర కొన్నాడు. కొన్నట్టు చీటీ లేదు. ఎక్కడిదని అడిగితే దొరల కాలం నాటిదన్నాడట సోములు. ఆ ఒక్క ముక్కకి నాన్న ఏటేటా ఒక ముక్క చేర్చాడు. ముందు అది ఇంగ్లండులో చేసిన సీమ సరుకయింది. కొన్నాళ్లకి ఓడెక్కింది. ఇంకొన్నాళ్లకి ఒక దొర చొక్కా చేతులు మడిచి దాని మీద స్వయంగా పని చేశాడు. ఎదురుగా టీ కొట్టు రమేష్‌బాబు రోజూ అడిగేవాడు.

"ఏటి మావా, నీ దొరసాని నిద్దర లేసినాదా?"

"లేసినాది. నీలాగ పది దాకా తొంగుంటాదేటి?"

దసరాకి ఆయుధ పూజ ముందురోజు లేత్‌కి ఆకుపచ్చ పెయింటు వేసేవాడు. పాతది గీకేవాడు కాదు. పూజ పొందే వస్తువుని గీరకూడదని ఆయన పట్టింపు. పాత రంగు మీదే కొత్త రంగు, దాని మీద పసుపు, కుంకుమ. చేసినవాడి పేరు, నంబరు ఎక్కడున్నాయో గాని, ముప్ఫై దసరాల పెయింటు కింద ఉన్నాయి. నాన్నకి కూడా తెలియవు.

గురువారం మధ్యాహ్నం మురళీమోహన్ అనే ఆయన కాగితాల ఫైలుతో వచ్చాడు. మూతబడిన మిల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది, ఆయన దాని తరఫు మనిషి. వచ్చిన పని చెప్పకుండా, దొరల లేత్ అంటే ఇదేనా అని అడిగాడు. ఎవరు అడిగినా చెప్పే కథే నాన్న చెప్పాడు. సీమ, ఓడ, దొర, ఏదీ వదల్లేదు. టీ కూడా తెప్పించాడు. అంతా విన్నాక ఆయన ఫైలు తెరిచాడు. మిల్లులో స్వాతంత్ర్యానికి ముందునాటి సీమ లేత్‌లు రెండు ఉండాలి, కనిపించడం లేదు, దొంగసొత్తని కేసు పెట్టారు. సోమవారం కానిస్టేబుల్‌తో వచ్చి నంబరు చూస్తామని, అప్పటిదాకా దీన్ని కదపొద్దని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నాన్న అన్నం కలుపుకునేవాడు, తినేవాడు కాదట. షట్టరు సగం దించి లోపల కూర్చునేవాడు. రోడ్డు మీద జీపు చప్పుడైతే లేచి నిలబడేవాడు, అది దాటిపోయాక కూడా నిలబడే ఉండేవాడు. సోములు పోయి పదేళ్లయింది. కొన్నానని చెప్పడానికి సాక్షి లేడు. ఈ కేసులోనే చీపురుపల్లి వైపు ఎవరినో పోలీసు స్టేషనులో కూర్చోబెట్టారని శుక్రవారం రమేష్‌బాబు విని వచ్చి చెప్పాడు. మంచికే చెప్పాడు.

విజయనగరంలో నేను పాఠాలు చెప్పే బడి ముగించుకుని శనివారం మధ్యాహ్నం వచ్చాను. కిరసనాయిలు, గీకుడు కత్తి పట్టుకుని షెడ్డులోకి వెళ్తే నాన్న లేత్‌కీ నాకూ మధ్య నిలబడ్డాడు.

"గీకకే హేమా. గీకితే నంబరు బయటపడతాది. అది ఆళ్ల కాయితంలో ఉంటే ఏటి సేస్తావు?"

"లేకపోతే నాన్నా?"

"లేదని నీకెలాగ తెలుసు? ముప్పయ్యేళ్ల నుంచి నేనే కదే ఊరందరికీ సెప్తన్నాను, దొర్లదని. నా నోరే నా మీద సాచ్చికం."

గరివిడిలో నరసింగరావు మావయ్యని పిలుద్దామన్నాను. నాన్నతో కలిసి పని నేర్చుకుని, ఫ్యాక్టరీ వర్క్‌షాపులో రిటైరైన మనిషి. లేత్‌ని చూసి ఎవరు చేశారో చెప్పగలడు. నాన్న ఒప్పుకోలేదు. ఇంకొకడి చెవిన పడనీయొద్దన్నాడు. నా వైపు చూడకుండా, తనని జీపెక్కిస్తే అమ్మని వాకిట్లోకి రానీయొద్దని చెప్పాడు.

నేను కత్తి కింద పెట్టేశాను. ఆయన మాట విన్నానని చాలామందికి చెప్పాను గాని, అది సగమే నిజం. చిన్నప్పటి నుంచి ఆ ఓడ కథ నేనూ నమ్మాను. గీకితే ఏం కనిపిస్తుందోనని నాకూ భయం వేసింది.

సోమవారం మురళీమోహన్, కానిస్టేబుల్ వచ్చారు. వాకిట్లో జనాన్ని చూసి చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డారు. పెద్దకర్మ అయ్యాక వస్తామని రమేష్‌బాబుతో చెప్పి వెళ్లారు. ఇక అమ్మ భయం మొదలైంది. పోయిన మనిషిని దొంగ అంటారేమోనని ఆమె ఏడుపు కూడా గట్టిగా ఏడవలేదు.

పదకొండో రోజు నరసింగరావు మావయ్య వచ్చాడు. అడ్డుపడేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆయన చేతికి కత్తి ఇచ్చాను. ఆయన పుచ్చుకోలేదు. లేత్ చుట్టూ ఒకసారి తిరిగాడు, వంగి కాళ్ల పోత చూశాడు, గేర్ల పెట్టె మూత తీసి మళ్లీ వేశాడు.

"ఇది దొర్లది కాదే. పంజాబుది, బటాలాలో పోతపోసిన సరుకు. ఎంత పాతదన్నా పందొమ్మిది వందల అరవై దాటాక సేసిందే. మీ నాన్న కన్నా సిన్నది. ఆ మిల్లుదెలాగవుతాది?"

పేరు చూడకుండా ఎలా చెప్పగలవని అడిగాను. నా గొంతు నాకే కోపంగా వినిపించింది.

ఆయన నన్ను దగ్గరికి పిలిచి, పనిముట్టుని ముందుకీ వెనక్కీ జరిపే చేతిపిడి చూపించాడు. దాని మొదట్లో ఒక ఇనప రింగు, రింగు చుట్టూ పనిముట్టు ఎంత జరిగిందో చెప్పే సన్నటి గీతలు, అంకెలు. నాన్న రోజుకి వందసార్లు చూసుకుని తిప్పినవి.

"దొర్ల కాలంలో మన మిల్లులన్నీ అంగుళాలే కదే. ఇవి మిల్లీమీటర్లు. మిల్లీమీటరు మన దేశానికి ఎప్పుడొచ్చినాదో నువ్వే సెప్పు, లెక్కల పంతులమ్మవి."

స్వాతంత్ర్యం వచ్చిన దాదాపు పదేళ్లకి. ఏటా ఆరో తరగతికి నేను చెప్పే పాఠమే అది.