అత్తమ్మ కాలి వేళ్లు

నొప్పి ఎంత పెరిగాక నోరు విప్పి చెప్పాలి? ఈ ప్రశ్న ఈ రోజు దవాఖానలో నాకు ఎదురైంది.

మా అత్తమ్మకు మూత్రం ఆగదు, పొత్తికడుపులో నొప్పి. చార్మినార్ దాకా వెళ్లాలన్నా పొద్దున్నుంచి నీళ్లు ముట్టదు. మందులతో తగ్గకపోయేసరికి డాక్టరు కొత్తగా వచ్చిన కరెంటు వైద్యం మొదలుపెట్టారు. చీలమండ దగ్గర పట్టీలు అంటించి, పెట్టె మీది మీట తిప్పుతూ నరానికి సన్నగా కరెంటు ఇస్తారు. జిల్లుమనగానే రోగి చెప్పాలి, ఇక పెంచకుండా అక్కడే ఉంచుతారు.

ఇవాళ రెండోసారి. మెషిన్ చూసే షాహీన్‌ని అక్కా అన్నట్టు అందరూ ఆపా అంటారు. ఆమె "జర తెల్వంగనే చెప్పుండ్రి అమ్మా" అంటూ మీట తిప్పింది. అత్తమ్మ పలకలేదు. ఇంకొంచెం తిప్పింది. మెట్టెలున్న వేళ్లు ముడుచుకుపోవడం చూసి నేనే "ఆపండి!" అని అరిచాను.

"నొప్పైతే చెప్పొద్దా అమ్మా?" అంది ఆపా.

"నొప్పి తగ్గాలనే వస్తి గద బిడ్డా! మళ్ల నొప్పని ఏం మొకం పెట్టుకొని చెప్పాలె?"

కూరలో ఉప్పెక్కువైతే గల్లీ అంతా వినబడేలా చెప్పే మనిషి ఈమె.

ఆపా నవ్వలేదు. చెప్పకపోతే ఇక మెషిన్ పెట్టనంది.

ఇంటికొస్తూ ఆటోలో అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మొన్న పెట్టినంక రాత్రి జర కన్నంటుకుంది పిల్లా. ఆమె బందు చేస్తే నేనెట్ల? ఈసారి నువ్వు అరవకు."

వచ్చే వారం మళ్లీ వెళ్లాలి. ఆ వేళ్లు ముడుచుకుంటే మీరైతే ఏం చేస్తారు? ఆపాకు చెప్పాలో, అత్తమ్మ మాట వినాలో నాకింకా తేలలేదు.