ఎన్ని ఆదివారాలని అడిగిన మాస్టారు

అక్టోబరు పదహారు, గురువారం.

మా పక్కింటి మాస్టారు మొన్న ఆదివారం ఉదయం పోయారు. చర్చికి బయలుదేరుతూ వరండాలో కుర్చీలో కూర్చుని ఒక కాలికి బూటు వేసుకున్నారు. రెండోది వేసుకోలేదు. టీ గ్లాసు తీసుకెళ్లడానికి వచ్చిన ఆయన భార్య పిలిచి చూసి, గోడకు ఇవతల బట్టలు ఆరేస్తున్న నన్ను కేకేశారు. "అప్పా, ఓపాలి రండి, ఈయన పలకట్లేదు" అన్నారు. నేను వెళ్లేసరికి చెయ్యి వెచ్చగానే ఉంది. అంబులెన్సులో వచ్చినవాళ్లు చూసి, ఇక తీసుకెళ్లి లాభం లేదన్నారు. సోమవారం సాయంత్రం సమాధి చేశారు.

కాలనీ పత్రికవాళ్లు ఆయన గురించి నాలుగు మాటలు రాయమని నన్ను అడిగారు. తొందరేం లేదు, వచ్చే నెల ఇవ్వచ్చన్నారు. నేను ఈ రోజే రాస్తున్నాను. మా మనవరాలి యూనివర్సిటీ దరఖాస్తుకు వచ్చే గురువారం సాయంత్రం ఐదు గంటలకు గడువు. ఆ దరఖాస్తు గురించి మాస్టారు ఒక ప్రశ్న అడిగారు. దానికి మా ఇంటి నుంచి సరైన జవాబు వెళ్లలేదు. గడువు దాటాక నేనేం రాసినా అది తేలికైన పశ్చాత్తాపమే అవుతుంది.

మాస్టారు దువ్వాడ దగ్గర ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. నాకంటే నాలుగేళ్లు చిన్న, అందుకే భార్యాభర్తలిద్దరూ నన్ను అప్పా, అంటే అక్కా, అని పిలిచేవారు. కాలేజీలో ఎలా మాట్లాడేవారో నాకు తెలియదు గాని, ఇంట్లో ఈ ఊరి మాటే మాట్లాడేవారు. రిటైరయ్యాక ట్యూషన్లు పెట్టలేదు. శనివారం మధ్యాహ్నం మాత్రం వరండాలో చాప పరిచేవారు. పెద్ద యూనివర్సిటీలకు దరఖాస్తు చేసే పిల్లలు ఫైళ్లు పట్టుకుని వచ్చేవారు. ఎవరికి సీటు వచ్చే అవకాశం ఎంతుందో ఆయన చూసి చెప్పేవారు. మన కాలనీలో చాలా ఇళ్లకు ఆ చాప తెలుసు.

తల్లిదండ్రులను కుర్చీల్లో కూర్చోబెట్టి, పిల్లతో పాటు తను చాప మీద కూర్చునేవారు. కుర్చీలోవాళ్లు మాట్లాడకూడదు. ఒక తండ్రి మాటిమాటికీ అందుకుంటుంటే, "మీరు అప్లై సేత్తన్నారేటండీ? అయితే మీ టెన్త్ మార్కులు కూడా తెండి, సూద్దాం" అన్నారు.

మార్కుల కాగితాలు ముందే తీసి పక్కన పెట్టేసేవారు. మిగిలినవి ఒక్కొక్కటే చదివి మూడు కుప్పలు వేసేవారు. పిల్ల సేసింది, బడి సేయించింది, ఇల్లు రాసింది. కుప్పలకు ఆయన పెట్టిన పేర్లవి. ప్రతి కాగితానికీ పిల్లని ప్రశ్నలు అడిగేవారు. ఎన్ని రోజులు, ఎంతమంది, మానేస్తే ఎందుకు మానేశావు. అన్నీ అయ్యాక రెండో కుప్ప, మూడో కుప్ప ఫైల్లో పెట్టి వెనక్కిచ్చి, మొదటి కుప్ప ఒక్కటే ఒళ్లో పెట్టుకునేవారు. దాన్ని బట్టి మూడు మాటల్లో ఒకటి చెప్పేవారు. "వస్తాది." "సెప్పలేం." "ఇప్పుడు కాదు." నూటికి ఎంత శాతం అని అడిగినవాళ్లకు, "నాను ఫిజిక్సు మాస్టార్ని, చిలక జోస్యం సెప్పేవాణ్ణి కాదు" అనేవారు.

ఒక శనివారం ఎలమంచిలి నుంచి ఒక రైతు తన కూతుర్ని తీసుకుని వచ్చాడు. ఆ రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. "మార్కులు తప్ప మా పిల్ల దగ్గర ఏటీ నేదు బాబూ" అని ఆయన ముందే చెప్పేశాడు. ఫైల్లో నిజంగానే ఏమీ లేదు. మాస్టారు పిల్లని ఊరికే అడుగుతూ పోయారు. కాలేజీకి ఎలా వస్తావు? పాసింజరులో. టైముకొస్తాదా? రాదు. మరి లెక్చరరు తిట్టడా? తిట్టారు, అప్పట్నుంచి రోజూ రైలు ఎంత లేటో నోట్సు వెనక రాశాను. రాసి ఏం చేశావు? మూడు నెలలది ప్రిన్సిపాలుకు చూపించాను, మొదటి పీరియడు ఇరవై నిమిషాలు ఆలస్యంగా పెట్టారు.

మాస్టారు తండ్రి వైపు తిరిగి, "ఏటీ నేదన్నారు!" అన్నారు.

"అది రైలు లేటు సంగతి కదండీ" అన్నాడాయన, అర్థం కాక.

ఆ నోట్సు వెనక పేజీలు ఒక్కటే మొదటి కుప్ప. "వస్తాది" అన్నారు. వచ్చింది.

తప్పూ చెప్పారు. ఒక ఏడాది మా వీధి చివరింటి అమ్మాయికి వస్తుందని చెప్పారు, రాలేదు. ఆ రోజే వాళ్లింటికి నడిచి వెళ్లి, తండ్రితో కాక ఆ అమ్మాయితోనే, "నాను తప్పు సెప్పానమ్మా. నీలో తక్కువేటీ లేదు, నా అంచనాలోనే తక్కువ" అన్నారట. ఆ అమ్మాయి తల్లి ఇది చెబుతూ సోమవారం సమాధుల దగ్గర కళ్లు తుడుచుకుంది. అక్కడే స్టీల్ ప్లాంటు మనుషులిద్దరు నా వెనక నిలబడి మాట్లాడుకుంటున్నారు.

"మీవోడి ఫైలు గంటసేపు సూసినాడు కదా. మావోడిది రెండు నిమిషాలే బావా."

"ఎంచేత?"

"అన్నీ నానే రాసినాను కదా. మూడో కుప్పలో ఎట్టేసి టీ ఇచ్చినాడు."

నవ్వాపుకుంటూ ఇద్దరూ ఏడ్చారు. నాకు నవ్వు రాలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా మనవరాలు ఇంటర్ రెండో సంవత్సరం. ఉత్తరాదిన పేరున్న ఒక యూనివర్సిటీలో చేరాలని పట్టుదల. అక్కడ సీట్లు రెండు విడతలుగా ఇస్తారు. మొదటి విడతలో దరఖాస్తు చేస్తే బోర్డు పరీక్షలకు ముందే తేలిపోతుంది. కానీ వస్తే అక్కడే చేరాలి, రాకపోతే ఈ ఏడాదికి రెండో విడతలో మళ్లీ చూడరు. అందుకే ఎవరికి మొదటి విడత, ఎవరికి రెండోది అన్నది పెద్ద నిర్ణయం. "మొదటి విడతంటే తొందరపడినోడికిచ్చే బహుమానం కాదప్పా. ఇప్పటికే తయారైపోయినోడిని ముందే పట్టుకెళ్లిపోడం" అని మాస్టారు నాకు చెప్పారు. మా పాప తయారైపోయిందని నేను అనుకున్నాను. నిజానికి, అలా కనబడాలని అనుకున్నాను.

మా పాప ఫిబ్రవరిలో, కూర్మన్నపాలెం అవతల కాంట్రాక్టు కూలీల షెడ్ల దగ్గర పిల్లలకు ఆదివారాలు లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు, తనే వెళ్లింది. వెళ్లిన టైము, వచ్చిన టైము నా డైరీలో రాసి ఉన్నాయి. మధ్యలో పరీక్షలు, ఎండలు పోను పదకొండు ఆదివారాలు వెళ్లింది. జూన్‌లో ఫిజిక్సు మార్కులు తగ్గాయి. ఇక చాలు, మానెయ్ అన్నాను. మానేసింది. ఎదురు చెప్పలేదు.

దరఖాస్తులో ఆ పని ఎంతకాలం చేశారో రాయాలి. మా అబ్బాయి పెన్ను పట్టుకుని ఆలోచిస్తుంటే నేనే చెప్పాను. ఫిబ్రవరి ఒక విద్యా సంవత్సరం, జూన్ ఇంకో విద్యా సంవత్సరం. రెండు సంవత్సరాలని రాయి. పోర్టు అకౌంట్స్‌లో ముప్ఫై రెండేళ్లు పనిచేసినదాన్ని. మార్చి ముప్ఫై ఒకటిన ఒక వోచరు, ఏప్రిల్ ఒకటిన ఒక వోచరు ఉంటే అవి రెండు సంవత్సరాల కిందికి వస్తాయి, మధ్యలో ఒక్క రాత్రే ఉన్నా. మా అబ్బాయి సంతోషించాడు. "ఆడిటర్లని ఏడిపించినదానివి, నీ మాటకి తిరుగేటమ్మా" అన్నాడు. పాప పళ్లెంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. పాలు తెచ్చేవాడు ఒక రోజు తక్కువ పోస్తే ఊరుకోని మనిషిని, ఆ మాట అలా చెప్పి, లేచి చెయ్యి కడుక్కున్నాను.

సెప్టెంబరు చివరి శనివారం పాపని తీసుకుని మాస్టారి వరండాకు వెళ్లాను. నాకు కుర్చీ వేశారు. కాగితాలు మామూలుగానే కుప్పల్లోకి వెళ్తున్నాయి. ఈ రెండు సంవత్సరాల కాగితం దగ్గర ఆగారు. రెండుసార్లు చదివారు.

"ఎన్ని ఆదివారాలమ్మా?" అన్నారు.

పాప నా వైపు చూసింది. నేను కుర్చీలో ఉన్న సంగతి మరిచిపోయి, "రెండు విద్యా సంవత్సరాల్లో చేసింది మాస్టారూ" అన్నాను.

"సంవత్సరాలు రాసున్నాయప్పా. ఆదివారాలు అడుగుతన్నాను. పాపని."

పాప తలొంచుకుని చాప ఈనె పీకుతూ కూర్చుంది. ఆయన గద్దించలేదు. ఆ కాగితాన్ని ఏ కుప్పలోనూ పెట్టకుండా లేచి వచ్చి నా చేతికిచ్చారు.

"ఇది మీదప్పా. మీ దగ్గరుండనీండి. ఈ కాగితంలో ఉన్న పిల్లకి సీటు వస్తాదో రాదో నాకెలగ తెలుస్తాది? ఆ పిల్లని నానెప్పుడూ సూళ్లేదు. మా గోడ మీంచి జామకాయలు కోసే పిల్లని తెండి, సెప్తాను."

"వచ్చే శనివారం తెస్తాను" అన్నాను. గొంతులో కోపం నాకే వినిపించింది. ఇంటికొచ్చే దాకా పాపతో మాట్లాడలేదు.

ఆ వచ్చే శనివారం వెళ్లలేదు. ఆ తర్వాతి శనివారమూ వెళ్లలేదు. అది ఆయన పోవడానికి ముందు రోజు. ఆ సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి, "అప్పా, తేలేదేటి? గడువు దగ్గరకొచ్చేత్తంది" అన్నారు. "చూస్తున్నాం మాస్టారూ" అన్నాను. "సూడండి, సూడండి. ఎన్నైనా పర్లేదని పాపతో సెప్పండి. మూడైనా పర్లేదు" అని లోపలికి వెళ్లిపోయారు. అవే ఆయన నాతో అన్న ఆఖరు మాటలు. పాపకి చెప్పలేదు.

సోమవారం సమాధుల నుంచి వచ్చాక పాప కాళ్లు కడుక్కుని నా గది గుమ్మంలో నిలబడింది.

"మామ్మా, ఇప్పుడు మనకి ఎవరు సెప్తారు?"

తన ఫైలు తెచ్చి నా మంచం మీద పెట్టింది.

"పదకొండని రాసేత్తాను. ఎందుకు మానేశావని ఇంటర్వ్యూలో అడుగుతారు. మామ్మ మానేయమందని సెప్పనా?"

"ఎందుకు, బాగా చదువుకోడానికని చెప్పు."

"అది మళ్లీ నువ్వు రాసిందే అవుతాది" అని వెళ్లిపోయింది.

మూడు రోజులుగా ఆమె ఫైలు నా మంచం మీద ఉంది. మాస్టారిలా కుప్పలు వేసి చూశాను. మొదటి కుప్పలో రెండే కాగితాలు మిగిలాయి. వాటిలో ఒకటి ఈ పదకొండు ఆదివారాలది, అది కూడా నిజంగా రాస్తేనే. దీనితో మొదటి విడతలో వస్తుందా? నాకు తెలియదు. ఆయనకు తెలిసి ఉండేది. ఆయన వరండాకి నేను రెండు వారాలు మొహం చాటేశాను. ఒక మనిషి నన్ను సిగ్గుపడనివ్వకుండా నా తప్పు నాకు తిరిగిచ్చాడు, దాన్ని మర్యాదగా తీసుకోవడం నాకు చేతకాలేదు. ఆయన చాప దగ్గర కూర్చున్న ఇన్ని ఇళ్లవాళ్లలో ఇలా చేసింది నేనొక్కదాన్నే కాదని కొందరు ఓదార్చవచ్చు. వద్దు. ఆయన పిల్లలందరినీ ఒక్కొక్కరిగానే చూశారు, పెద్దవాళ్లనూ అంతే.

ఇక జరగవలసినవి:

1. రేపు మధ్యాహ్నం మా అబ్బాయి పొద్దుటి షిఫ్టు దిగి రాగానే, రెండు సంవత్సరాలన్నది తప్పుడు మాటని, అది నా మాటేనని కోడలి ఎదుటే చెప్పాలి. అన్నం వడ్డించకముందే చెప్పాలి. తిన్నాక నాకు ధైర్యం చాలదు.

2. ఎన్నైనా పర్లేదని మాస్టారు చెప్పమన్న మాట పాపకి చెప్పాలి. ఆలస్యంగా చెబుతున్నానని కూడా చెప్పాలి.

3. ఆ కాగితం పాప తన మాటల్లో తిరగ రాయాలి. మామ్మ మానేయమందని రాస్తే రాయాలి. పంపేలోగా నేను దాన్ని చూడకూడదు. తప్పులు దిద్దడానికి కూడా.

4. మొదటి విడతా, రెండోదా అన్నది పాప తేల్చాలి. నన్నడిగితే, "సెప్పలేం" అనాలి. అంతకు మించి అనడానికి నాకు అర్హత లేదు.

5. మాస్టారి అల్మారాలో ఇంకా చూడని ఫైళ్లు తొమ్మిది ఉన్నాయి. శనివారం ఆయన భార్యతో కూర్చుని ఎవరివి వాళ్లకు అప్పగించాలి. ఆ పిల్లలకు ఎవరి అంచనా వాళ్లే వేసుకోవలసి వచ్చిందని చెప్పాలి. కుర్చీలో నేను కూర్చోకూడదు.

6. వచ్చే గురువారం పాప దరఖాస్తు పంపినా, పంపకుండా ఆపుకున్నా, సాయంత్రం ఐదు గంటలకి నేను డాబా మీద ఉండాలి. ఆరిన దుప్పట్లు తీసి, ప్లాంటు నుంచి వచ్చి పడిన నల్లటి పొడి దులిపి, అంచులు కలిపి మడతపెట్టుకోవాలి. కింద కంప్యూటరు గదిలో ఫ్యాను చప్పుడు ఆగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. అయినా మెట్లు దిగకూడదు. పిలిస్తే దిగాలి. పిలవకపోతే, ఇంకో దుప్పటి.