నల్ల టేపు చుట్టిన బ్యాటరీ

నా దుకాణంలో ఒక స్క్రూల డబ్బా ఉంది. అందులో అడుగున, తుప్పు పట్టిన మరల కింద, ఒక కాలిన ఇనుప గుల్లను పన్నెండేళ్లకు పైగా దాచిపెట్టుకున్నాను. వేలెడు పొడవు. ఒక కొస పగిలి విచ్చుకుంది. దానికి అంటుకున్న నల్ల టేపు ముక్క ఇంకా ఊడలేదు. చేతిలోకి తీసుకుంటే ఏమంత బరువుండదు. కానీ తడిసిన గొంగడి కప్పుకుని ఇన్నేళ్లు తిరిగితే ఎలా ఉంటుందో, అలా ఉంది నాకు.

నా పేరు చెప్పను. ధైర్యం లేక కాదు అని రాయబోయాను. అబద్ధం. ధైర్యం లేకనే.

మానుకోట నుంచి నెల్లికుదురు పోయే దారిలో నాకో సెల్‌ఫోన్ల దుకాణం. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అమ్మేది నేనే, బాగుచేసేది నేనే. ఎదురుగా ఆటోల అడ్డా. అక్కడ ఆటో నడిపే హర్యన్న దగ్గరి తండా మనిషి, నాకంటే వయసులో పెద్ద. కిరాయి లేనప్పుడు వచ్చి నా గల్లా ముందు స్టూలు మీద కూర్చుని బీడీ ముట్టించేవాడు. "తమ్మి, నువ్వు ఫోన్లు బాగుచేస్తవా, వాటికి దినాలు చేస్తవా?" అని నన్ను ఏడిపించేవాడు. ఒకసారి ఆయనకు మా పనిలో ఉన్న ఒక పరీక్ష నేర్పాను. ఫోను బ్యాటరీ మీద అనుమానం వస్తే దాన్ని గల్లా అద్దం మీద పెట్టి వేలితో తిప్పాలి. మంచిదైతే కదలదు. లోపల ఉబ్బిందైతే గిర్రున తిరుగుతుంది. తిరిగిందంటే ఇక వాడకూడదు. ఈ ఆట ఆయనకు భలే నచ్చింది. ఆటో ఎక్కినవాళ్ల ఫోన్లు కూడా విప్పించి తిప్పి చూసేవాడట.

ఆయన బిడ్డకు దమ్ము రోగం. బీడీ వాసన తగిలితే చాలు, పిల్ల ఊపిరాడక ఎగపోసేది. హర్యన్న భార్య బుజ్జక్క బిడ్డ నెత్తి మీద ఆయన చెయ్యి పెట్టించి, ఇక బీడీ ముట్టనని ఒట్టు వేయించింది. ఆ ఒట్టు సంగతి విని నేనే, హైదరాబాద్ నుంచి తెచ్చిన కరెంటు సిగరెట్టు చూపించి, ఆయనకు అమ్మాను. లావుపాటి పెన్నులా ఉంటుంది. లోపల బ్యాటరీ. మీట నొక్కి పీలిస్తే పొగకు బదులు ఆవిరి వస్తుంది. మా వైపు అప్పటికి దాన్ని చూసినవాళ్లు లేరు.

దాని డబ్బాలో ఒక కాగితం ఉంది. అక్షరాలు చైనావి. ఒక బొమ్మ కూడా ఉంది: బ్యాటరీ, పక్కన తాళంచెవులు, చిల్లర పైసలు, వాటన్నిటి మీదా ఎర్రటి అడ్డగీత. అక్షరాలు రాకపోయినా బొమ్మ నాకు అర్థమైంది. బ్యాటరీని ఇనుముతో కలిపి జేబులో వేసుకోవద్దని. ఆ కాగితాన్ని ఉండ చుట్టి బుట్టలో పారేశాను. మా వ్యాపారంలో అది అలవాటు. కాగితం చూసిన గిరాకీ నూరు ప్రశ్నలు అడుగుతాడు.

తెలంగాణ కోసం జనమంతా పనులు బంద్ పెట్టిన రోజులు వచ్చాయి. భూపాలపల్లి గనుల్లో బొగ్గు ఆగింది. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. హర్యన్న కరెంటు సిగరెట్టు మధ్యాహ్నానికే చచ్చిపోయేది. బీడీ మీదికి పాణం గుంజుతున్నదని, ఇంకో బ్యాటరీ ఉంటే జేబులో పెట్టుకుంటానని అడిగాడు. కొత్తది నా దగ్గర లేదు. లేదని ఒక్క ముక్క చెప్తే నా సొమ్మేం పోయేది?

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీని పగలగొడితే లోపల అలాంటివే కొన్ని ఉంటాయి. బతికున్నవాటిని ఏరి టార్చిలైట్లకు వేయడం మా రిపేరువాళ్లకు మామూలే. ఒకటి ఏరాను. తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ జారి దాని పైతొడుగు ఒక కొసన చినిగింది, లోపలి ఇనుము మెరిసింది. అలాంటిదాన్ని పారేయాలి. నాకు తెలుసు. ఈ విషయం తెలియనివాడు చేస్తే అది పొరపాటు, మరి తెలిసి చేసినదాన్ని ఏమనాలి అని ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో లెక్కలేదు. నల్ల టేపు రెండు చుట్లు చుట్టి ఇచ్చాను.

"గిట్ల టేపు చుట్టినవేంది తమ్మి? ఏం గాదు గదా?"

"ఏం గాదు తియ్యన్న."

నమ్మాడు. నమ్మి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. అదే జేబులో ఆటో తాళంచెవులున్నాయి. గలగలమన్న చప్పుడు నా చెవిన పడింది. ఎర్రగీత బొమ్మ కళ్ల ముందు మెదిలింది. నోరు తెరిచాను కూడా. అంతలో రోడ్డు మీద డప్పులు మోగాయి, వంటావార్పుకు రమ్మని పిలుపొచ్చింది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తిని, బండ్లు కదలనివ్వకుండా కూర్చోవడం ఆ రోజుల్లో మా నిరసన. షట్టరు దించాలి, పోవాలి. తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

రోడ్డు మీద భోజనాల బంతిలో హర్యన్న నాకు పదడుగుల దూరంలో కూర్చున్నాడు. పక్కన పెట్రోలు సీసా. బంకులు సరిగా తెరవక ఆటోవాళ్లంతా దొరికినప్పుడు సీసాల్లో తెచ్చుకునేవారు. విస్తరి అందుకోవడానికి ముందుకు వంగాడు. ఆయన జేబులోంచి బుస్సుమని చప్పుడు. వెనకే తియ్యటి మాడు వాసన. ఆ వాసన బ్యాటరీలతో పనిచేసేవాళ్లకే తెలుసు. ఆ బంతిలో అందరికంటే ముందు నాకు తెలిసింది. జేబులో మంట లేచింది. ఆయన చేత్తో పీకబోయాడు, కాలు తగిలి సీసా ఒలికింది. అంతే, భగ్గుమంది.

"అయ్యో, పెట్రోల్ పోసుకున్నడు!" అని ఎవరో అరిచారు.

నీళ్లు చల్లారు, గోనెసంచులు కప్పారు. "జై తెలంగాణ" అని ఒక గొంతు లేచింది, వంద గొంతులు అందుకున్నాయి. కింద పడి ఉన్న హర్యన్న ఏదో చెబుతున్నాడు. ఆ నినాదాల్లో ఆయన మాట ఎవరికీ వినపడలేదు. జీపులో వేసి వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. జనమంతా జీపు వెంట ఉరికారు. నేను ఉరకలేదు. వంగి, నేల మీద పడి ఉన్న కాలిన బ్యాటరీ గుల్లను కండువాతో పట్టి నా జేబులో వేసుకున్నాను. తొడ చుర్రుమంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాను.

హర్యన్న బతికాడు. తొడ కాలింది. కుడిచేతి వేళ్లు రెండు అతుక్కుపోయాయి. ఆత్మహత్యకు ప్రయత్నించాడని కేసు రాశారు. కొన్నాళ్లకు బుజ్జక్క నా దుకాణానికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"తమ్మీ, మీ అన్న పోసుకోలే అంటాండు. జేబుల పేలిందంటాండు. జనమేమో పోసుకున్నడనే అంటున్రు. కేసు సంగతి గాదు తమ్మీ, గది ఎట్లనన్న గానీ. నన్నూ బిడ్డనూ ఇడిశిపెట్టి పోదామనుకున్నడా? గదొక్కటి నాకు తెల్వాలె. నువ్వు ఆడ్నే ఉన్నవు గదా. గా బ్యాటరీ ఇచ్చింది నువ్వేనట గదా. పోసుకోలే అని ఒక్క మాట చెప్పు, నమ్ముత."

ఆమె ఎదురుచూసింది. డబ్బా నా మోకాలి దగ్గరే ఉంది. మూత తీస్తే చాలు.

"నాకెర్కలేదక్కా," అన్నాను. "నేను ఇచ్చింది పేలేది గాదు."

ఆమె ఏడవలేదు. తల ఊపి వెళ్లిపోయింది. ఛీ, ఏం మనిషిని నేను! చెబితే జైల్లో పెడతారనుకున్నాను. ఉద్యమం పేరు పోతుందనీ, జనం మనసు విరుగుతుందనీ పెద్ద మాటలు కూడా నాకు నేను చెప్పుకున్నాను. అవేవీ కావు, నా షట్టరు మూతపడుతుందని భయం. అంతే.

హర్యన్న ఆటో అమ్మేశాడు. ఆ చేత్తో హ్యాండిల్ పట్టలేడు. రాష్ట్రం వచ్చాక ఆయనకు శాలువా కప్పుతామని వేదిక మీదికి పిలిచారు. "నేను పోసుకోలే. నాకొద్దు," అని దిగిపోయాడు. భయపడి మాట మారుస్తున్నాడని కొందరు, తలకాయ చెడిందని కొందరు అన్నారు. చేతిదాకా వచ్చిన గౌరవాన్ని తనది కాదని వదులుకున్న మనిషి ఆయన. నేను ఆ జనంలో నిలబడి కాళ్ల వైపు చూసుకున్నాను.

పోయిన నెల హర్యన్న నా దుకాణానికి వచ్చాడు. ఇన్నేళ్లలో మొదటిసారి. తన బటన్ల ఫోను విప్పి, బ్యాటరీ తీసి, అద్దం మీద పెట్టి, అతుక్కుపోని వేలితో తిప్పాడు. గిర్రున తిరిగింది. అది ఆగేదాకా ఇద్దరం చూశాం.

"తిరుగుతాంది తమ్మి. ఏం గాదు గదా?"

"వాడొద్దన్నా. పాడైంది," అన్నాను.

"గీ మాట అప్పుడే చెప్పకపోతివి," అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది. కొత్త బ్యాటరీ వేసిస్తే తీసుకుని రోడ్డు దాటాడు.

అవతల బుజ్జక్క నిలబడి ఉంది. హర్యన్న నోట్లో బీడీ పెట్టుకున్నాడు. బిడ్డ పెళ్లయి పోయాక మళ్లీ మొదలుపెట్టాడట. అగ్గిపెట్టె కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. కొంగు ముడి విప్పి అగ్గిపెట్టె తీసి, తానే పుల్ల గీసి, బీడీ ముట్టించి, అగ్గిపెట్టెను మళ్లీ కొంగున ముడేసుకుంది. ఆయన అలవాటైనవాడిలా పొగ వదిలాడు. తర్వాత అడ్డా మీద అడిగితే తెలిసింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చిన రోజు నుంచి ఆ ఇంట్లో అగ్గిపెట్టె ఆయన చేతికి చిక్కదట. కిరసనాయిలు ఉన్న రోజుల్లో ఆ డబ్బాకు తాళం వేసేదట.

ఇన్నేళ్లూ ఆమె ఆ కొంగు ముడి మీద చెయ్యి వేసుకుని పడుకుంది. నా ఒక్క మాట వల్ల.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అడిగే మొహం నాకు లేదు. ఇది రాయడానికి ముందు డబ్బా బోర్లించి, ఆ గుల్లను గల్లా అద్దం మీద అందరికీ కనపడేలా పెట్టాను. ఊపిరి కొంచెం ఆడుతున్నది. ఈ కాగితం, ఆ గుల్ల, రెండూ తండాకు పంపుతున్నాను. ఆమెకు చదువు రాదు, బిడ్డ వచ్చి చదివి వినిపిస్తుంది.

నాకెరుకే బుజ్జక్కా. అప్పుడూ ఎరుకే. టేపు చుట్టి ఇచ్చింది నేను. ఆయన మిమ్మల్ని విడిచిపెట్టి పోదామనుకోలేదు. ఆయన పోసుకోలేదు.