మేకు మీద అడుగు చీటీ

గాజు గొట్టాన్ని రెండు కొసలా పట్టుకుని మంటలో తిప్పుతున్నాడు మేస్త్రి. రెండు చేతులూ ఒకే వేగంతో తిరగాలి, లేకపోతే మెత్తబడ్డ గాజు మెలిపడిపోతుంది. ఇరవై ఆరేళ్ళుగా పరిశోధనశాలకి గాజు పరికరాలు చేస్తున్న చేతులవి. ఇవాళ మనసు మాత్రం పొద్దుటి మాట మీదే ఉంది.

పొద్దున్నే మూడో అంతస్తులో పరిశోధన చేసే మేడమ్ వచ్చి అడిగింది. "నా చీటీ ఏమైంది మేస్త్రిగారూ? నాలుగు నెలలైంది. నా ఉద్యోగం ఉంచేదీ ఊడబెరికేదీ సోమవారం తేలుస్తారు. మూడేళ్ళలో ఒక్క పరిశోధన పేపరేనా అంటున్నారు. ఆ పరికరం లేకుండా రెండోది ఎలా రాయను?"

ఏ పరికరం కావాలో రాసిన చీటీలన్నీ బల్ల మీద నిలబెట్టిన మేకుకు గుచ్చుతారు. మేస్త్రి పైనుంచి తీసి చేసుకుపోతాడు. ఆవిడ చీటీ అట్టడుగున తుప్పు మరకతో దొరికింది. దాని మీద పంతొమ్మిది చీటీలు, అన్నీ పరిశోధనశాల పెద్దసారువే. ఆయన ఏడాదికి ముప్ఫై పేపర్లు రాస్తాడు. పనిమంతుడంటే ఆయనేనని మేస్త్రే అందరికీ చెప్పేవాడు.

చేతిలో ఉన్న పెద్దసారు గొట్టాన్ని పక్కన పెట్టేశాడు. మేడమ్ గొట్టం మంటలోకి వెళ్ళింది.

పెద్దసారు దగ్గర స్టోరు చూసే మేస్త్రి బావమరిది రోజూలాగే కొత్త చీటీతో వచ్చాడు. "ఇదేంటి బావా, మావి ఆపేశావా?"

"మీవి తర్వాత."

"అక్కతో చెప్తా!"

"చెప్పుకోరా. అన్నం పెట్టేది మీ అక్క, గాజు ఊదేది నేను."

"ముప్ఫై రాసేవాళ్ళని ఆపి, ఒకటి రాసినావిడకా?"

"ఆవిడ నాలుగు నెల్లు మీ చీటీల కింద నలిగింది. దేంతో రాస్తుంది? అలా పేర్చిందీ నువ్వే, తలొంచుకుని చేసిందీ నేనే."

బావమరిది చీటీ గుచ్చబోయాడు. మేస్త్రి కట్టంతా ఊడబెరికి, ఆ కొత్తదాన్ని అడుగున గుచ్చి, పాతది పైకొచ్చేలా మిగతావి తిరగేసి గుచ్చాడు.

అతుకులు పూర్తయ్యాక పరికరాన్ని పొయ్యిలో పెట్టాడు. మెల్లగా చల్లారాలి, తొందరపడితే పగులుతుంది. ఆ సంగతి అందరికీ నేర్పేవాడే, పొయ్యి తలుపు దాకా వెళ్ళడం, వెనక్కి రావడం, తుడిచిన బల్లనే మళ్ళీ తుడవడం. ఇంట్లో కూడా కుదురు లేదు. "కాళ్ళకి చక్రాలేమైనా కట్టుకున్నావా?" అంది భార్య. తమ్ముడి ఫిర్యాదు అప్పటికే విన్నట్టుంది, అయినా అన్నం వడ్డించింది.

మర్నాడు తీసి వెలుతురుకి పట్టి చూశాడు. గీత లేదు. నీళ్ళు పోసి అతుకుల కింద వేలు పెట్టాడు. చెమ్మ లేదు.

మేడమ్ రెండు చేతులతో అందుకుంది. మేస్త్రి ఆవిడ చీటీ మీద ఆ రోజు తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చాడు.

"ఇది సోమవారం వాళ్ళ ముందు పెట్టండి. మీరిచ్చిన తేదీ ఉంది, నేను చేసిన తేదీ ఉంది. మధ్యలో ఆలస్యం నాది."