ముత్తమ్మ చెప్పని నాలుగు పేర్లు

ఈ ఏటి కారం కోసం తెచ్చిన మిర్చి సంచి మూతి విప్పగానే ఘాటు గొంతులో పడింది. దగ్గు ఆగాక చెయ్యి పెట్టి కలిపి చూశాను. అన్నీ ఒకే ఎరుపు. తెల్లబారిన తాలుకాయ ఒక్కటీ లేదు. సంచి మీద 'తెలివైన యంత్రం ఏరిన మిర్చి' అని అచ్చు వేశారు. తెలివి అనే మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. అటువంటి తెలివిని ఎవరి చేతుల్లోంచి తీస్తారో నేను దగ్గరుండి చూశాను. ఆమె పేరు ముత్తమ్మ.

జూలూరుపాడు దగ్గర మా ఊళ్లో మిర్చి ఏరే ఆడవాళ్ల ముఠాకు ఆమె మేస్త్రి. మా ఆయన చనిపోయిన ఏడాది నేను ఆ ముఠాలో చేరాను. పదో తరగతి పాసయ్యానన్న బిగువు నాలో కొంత ఉండేది. మొదటిరోజు మధ్యాహ్నానికే వేళ్లు మంటెత్తి, ముద్ద నోట్లో పెట్టుకోలేక కూర్చున్నాను. ముత్తమ్మ నా చేతులు లాక్కుని కొబ్బరినూనె రాసింది.

"సదువుకున్న చేతులకైనా మంట ఒక్కటే బిడ్డా. గా చేతులు కండ్లకు మాత్రం పెట్టుకోకు. మొగుని కోసం ఇంకా ఏడుస్తున్నవనుకుంటరు."

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన పోయాక నవ్వడం అదే మొదలు.

ముఠాలో మేం ఇరవై ఇద్దరం. సాయంత్రం అందరి బస్తాలూ కలిపి లెక్కగట్టి కూలి సమానంగా పంచుకునేవాళ్లం. సమ్మక్క అనే పెద్దావిడకు కళ్లలో పొర కమ్ముతూ ఉండేది. తాలు తక్కువున్న సరుకు చూసి ముత్తమ్మ ఆమె ముందు పోసేది. నాకు ప్రతిదీ లెక్క చూసే అలవాటు. సమ్మక్క మేం చేసేదాంట్లో సగం పని కూడా చేయడం లేదని ఒకరోజు చాటుగా చెప్పాను.

"నీ లెక్క తప్పని నేనన్ననా?" అంది ముత్తమ్మ. "రేపు నీ కండ్లు బోతే గదే లెక్క నీకు జెప్పాల్నా?"

కాయలు ఏరడం ఎవరికైనా వస్తుందనీ, ఎవరి ముందు ఏ కుప్ప పోయాలో తెలియడమే మేస్త్రి పని అనీ నాకు అప్పుడు అర్థమైంది.

మిర్చి సీజను జోరు మీదుండగా ఒక బుధవారం షెడ్డు యజమాని హైదరాబాదు నుంచి ఇద్దరు కుర్రవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆదివారమని కొందరంటారు, అది తప్పు, ఆదివారం షెడ్డు తెరవరు. ముత్తమ్మ చేతుల మీదుగా ఒక కెమెరా బిగించారు. ఆమె ఏరుతూ ఉంటే మంచి కాయ ఏది, తాలుది ఏది, బూజుది ఏది అని అది నేర్చుకుంటుందట.

"మీరే దీనికి గురువు అమ్మా" అన్నాడొక కుర్రవాడు.

"గురుదక్షిణ కింద ఏమిస్తదట?" అని మా ముఠాలోని లచ్చిమి అనగానే అందరూ గొల్లుమన్నారు. ముత్తమ్మ నవ్వలేదు.

"నేర్చుకున్నంక ఇది ఏడ కూసుంటది సారూ? నా పక్కకా, నా జాగలనా?"

"మీ కష్టం తగ్గించడానికే కదమ్మా."

ఆమె యజమాని వైపు తిరిగి, ముఠాలో ఒక్కరిని కూడా తీసెయ్యనని మాటిస్తేనే ఏరుతానంది. ఆయన సరేనన్నాడు. కాగితం మీద రాసివ్వమని నేను అడిగితే ఆయనకు కోపం వచ్చింది. "నా మాట మీద నమ్మకం లేదా ఏంటి?" అన్నాడు. "ఉన్నది సారూ" అని ముత్తమ్మే నన్ను ఆపింది. మనుషుల మాట మీద ముఠా నడిపిన మనిషి ఆమె. ఆ సీజను ముగిసేదాకా కెమెరా కింద ఏరింది.

మరుసటేడు మిషన్ దిగింది. అది తప్పులు చేసిందని రాస్తే అబద్ధమవుతుంది. తడి సరుకు దగ్గర కాస్త తడబడింది, మిగిలినదంతా శుభ్రంగా ఏరింది. ఇప్పుడు టీవీలో ఎవరైనా, యంత్రం దానంతట అదే నేర్చుకుందని చెబుతుంటే కట్టేస్తాను. దానంతట అది ఏదీ నేర్చుకోలేదు. కష్టం తగ్గిస్తామన్నారు, తగ్గింది నిజమే. కష్టంతోపాటు కూలి కూడా పోతుందని ఆ మాట చెప్పినవాళ్లు చెప్పలేదు.

యజమాని ముత్తమ్మను పిలిచి, ఆమె కాక బస్తాలు ఎత్తి పోయడానికి నలుగురు చాలని, ఆ నలుగురినీ ఆమెనే ఎంచమని అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"మేమందరం వంతులేసుకుంటం సారూ. వారానికి నలుగురం వస్తం."

"అలా కుదరదు ముత్తమ్మా. రోజుకొకళ్లకి మిషన్ నేర్పించలేం."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "మిర్చి ఏరిన చేతులతోని మనుషుల్ని ఏరమంటున్నవు. నాతోని గాదు" అని బయటికి నడిచింది. పోనీ నువ్వు ఎంచుతావా అని ఆయన నన్నడిగాడు. నేనూ ఆమె వెనకే నడిచాను. రెండు రోజుల్లో వేరే ఊరి నుంచి నలుగురు వచ్చారు.

ఊళ్లో ఎవరూ ఆమెను మెచ్చుకోలేదు. అందరికంటే చురుకైనది లచ్చిమి, నలుగురిలో తానుండేదని ఆమెకు తెలుసు. "నీ పంతం సల్లగుండ! నా పొయ్యిల నీళ్లు బోసినవ్" అని వీధిలో నిలబడి తిట్టింది. ముత్తమ్మ తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నది. సమ్మక్కను పనికి పిలిచినవాళ్లు లేరు. ఆమె రెండేళ్లు మంచంలో ఉండి చనిపోయింది. ముత్తమ్మ ఆ వయసులో పత్తి చేలకు వెళ్లి, దగ్గు ముదిరి ఖమ్మం దవాఖానాలో పడింది.

అక్కడ నేనే ఆమె దగ్గర ఉన్నాను. మనసులో మెదులుతున్న మాటను ఇక దాచుకోలేక అడిగేశాను. "నాలుగు పేర్లు చెప్పి ఉంటే నాలుగిండ్లన్నా బతికేవి గదా, అక్కా?"

ఆమె దిండు మీద తల నా వైపు తిప్పింది.

"అవ్. బతికేటివి" అంది. "మరి మిగిలినోళ్ల ఇండ్ల ముందుకెల్లి నేనెట్ల నడిచేదాన్ని, సరోజా?"

ఆమె చేసింది ఒప్పేనా అని ఆ తరువాత ఎన్నోసార్లు లెక్క వేశాను. ఒకసారి లచ్చిమి వైపు తేలుతుంది, ఒకసారి ముత్తమ్మ వైపు. రోజూ పొద్దున పాలకు ముఠావాళ్ల ఇళ్లున్న వీధిలోంచే వెళతాను. కొన్ని ఇళ్లవాళ్లు చాయ్ తాగిపొమ్మంటారు. నన్ను చూడగానే లచ్చిమి తలుపు వేసుకుంటుంది. ఆ తలుపు ముందు నేను అడుగు తొందర చేయను.