ఒకటో నంబరు బిళ్ల

ట్రంకుపెట్టె అడుగున ఇత్తడి బిళ్ల దొరికింది. రుద్దితే వేళ్లకు ఆ పాత వాసనే. ఖరగ్‌పూర్ నేస్తాలూ, మన నాన్నలు రైల్వే వర్క్‌షాపు గేటులో ఇచ్చి లోపలికెళ్లి, సైరన్ మోగాక తిరిగి తీసుకునే నంబరు బిళ్లలు గుర్తున్నాయా?

పదో తరగతి సెలవుల్లో, ఇంజనీరింగ్ కాలేజీ ఎలా ఉంటుందో చూపించే రెండు వారాల వేసవి తరగతులకు మా స్కూలు నుంచి నన్నొక్కదాన్నే ఎంపిక చేశారు. మధ్యాహ్నం భోజనం కూడా వాళ్లదే. ఫిట్టరైన మా నాన్నకు అక్కడే అనుమానమొచ్చింది.

"ఊరికినే అన్నమెట్టి సదువు సెప్తారేటి? గేటుకాడ బిళ్ల తీసుకుంటారా?"

"లేదు నాన్నా."

"మరి నువ్వు లోనే ఉండిపోతే ఎవుడికి తెలుస్తాది?"

ఆ సాయంత్రమే ఒక ఇత్తడి ముక్కను గుండ్రంగా కోసి, ఒకటో నంబరు కొట్టారు. రోజూ పొద్దున్న కాలేజీ గేటు దగ్గర దాన్ని ఆయన చేతికిచ్చి నేను లోపలికెళ్లాలి. సాయంత్రం సైకిలు మీదొచ్చి, నన్ను ఎగాదిగా చూసి, అప్పుడు తిరిగిచ్చేవారు.

చివరిరోజు గేటు దగ్గర, "పన్నెండో తరగతి పాసయ్యాక ఇక్కడే చేరమన్నారు నాన్నా" అన్నాను. ఆయన బిళ్ల నా చేతిలో పెట్టి గుప్పిట మూశారు.

"పారేసుకోకు. మళ్లీ లోనికెల్లాల కదా. అప్పుడైనా కనుక్కో, ఆ అన్నం ఎందుకెట్టినారో."