సాగనంపడానికి వచ్చిన అన్న

జిల్లాలో స్టేషన్ నడిపే ఆడ ఎస్సైని నేనొక్కదాన్నే. ఒంటి మీద ఖాకీ ఉన్నా, కొందరి కంటికి నేనింకా పేరంటానికి వచ్చిన మనిషినే.

ఈ రోజు ఉదయం నగరిలో ఒక మరమగ్గాల యజమానిని పట్టుకురావడానికి అతని ఇంటికి వెళ్లాను. కూలి పెంచమన్న పనివాడి చెయ్యి విరగ్గొట్టాడు. ఆ పనివాడు పుత్తూరు కట్టుతో మా స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాడు.

నేను గడప దాటగానే యజమాని లోపలికి కేకేశాడు. భార్య కుంకుమ, రవికగుడ్డ పెట్టిన పళ్లెంతో వచ్చింది. నా మొహం చూడకుండానే కుంకుమలో వేలు అద్దింది. కాదనలేక బొట్టు పెట్టించుకున్నాను.

అతను మీసం దువ్వుకున్నాడు.

"మా ఇంట్లో బొట్టు పెట్టించుకుంటివి గదమ్మా. ఇంక నువ్వు ఈ ఇంటి ఆడబిడ్డవి. అన్ననే జీపెక్కిస్తావా?"

మా కానిస్టేబుళ్లు నేలచూపులు చూశారు.

"ఆడబిడ్డను ఒంటరిగా పంపితే ఊర్లో వాళ్లు ఏమనుకుంటారన్నా? స్టేషన్ దాకా సాగనంపుదువు, రా" అన్నాను.

అన్న జీపెక్కాడు.

రవికగుడ్డ పళ్లెంలోనే వదిలేశాను. బొట్టు మాత్రం చెరపలేదు. ఆ ఇంటి కుంకుమ నుదుట ఉండగానే అతని మీద ఎఫ్ఐఆర్ రాసి సంతకం పెట్టాను. తప్పంటారా?